పెరటి కబుర్లు: బిళ్ళగన్నేరు

మన బళ్ళారిలో పెరడు వుండడం వొక యెత్తు, ఆ పెరట్లో మట్టి కనబడకుండా కప్పడం మరొక యెత్తు. వేసవి గాలి లేచిందంటే వాకిట్లోని దుమ్మంతా వంటింట్లోకే. సండూరు ఇనుపరాతి లారీలు తిరిగే దారి పక్క ఇళ్ళవారి పాట్లు చెప్పనక్కరలేదు. గచ్చు చేయిస్తే దుమ్ము పోతుంది గాని, మధ్యాహ్నానికి అది పెనమై కూర్చుంటుంది. యేడాదికి యిరవై అంగుళాల వాన పడే సీమలో, కుళాయి యెప్పుడొస్తుందా అని బిందెలు వరుసబెట్టే ఇళ్ళలో, లాను గడ్డి ఊసెత్తకపోవడమే మేలు.

అటువంటి చోటికి మేము చెప్పేది బిళ్ళగన్నేరు. కన్నడపు పొరుగువారు నిత్యపుష్ప అంటారు. పేరు వారిదే బాగున్నది. మడగాస్కర్ దీవి నుంచి వచ్చినదైనా, గోడ పగుళ్ళలో సైతం మొలిచి మనదే అనిపించుకున్నది. ఆకు యేడాది పొడుగునా పచ్చగా వుంటుంది. పశువులు సాధారణంగా ముట్టవు.

కాయ ముదిరి పసుపు బారగానే కోసుకోవాలి. ఆలస్యమైతే పగిలి విత్తులు రాలిపోతాయి. జ్యేష్ఠంలో నారు పోసి, పైన సన్నమట్టి తప్పక కప్పండి. వెలుతురు తగిలితే సరిగా మొలవవు. ఆరేడు ఆకులు వేశాక జానెడు యెడంగా నాటండి. మన పెద్ద వానలు సెప్టెంబరులో గదా, అప్పటికి వేళ్ళు నిలదొక్కుకోవాలి. ఇది పాకే తీగ కాదు. కొసలు తుంచుతూ వుంటేనే పక్క కొమ్మలు వేసి నేలను కమ్ముతుంది. వదిలేస్తే మోకాలెత్తు లేచి మొదలు బోడిగా నిలుస్తుంది.

నల్లరేగడి నేలవారు ఇసుక, యెర్రమట్టి కలిపి కాస్త మెరక చేసుకోవాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి చంపినవారే మాకు యెక్కువ తెలుసు. నాటుకున్నాక వారానికొకసారి బియ్యం కడిగిన నీళ్ళు చాలు. పూలు ఆకుల్లా పచ్చబడి, ఆకులు చిన్నవైతే అది నువ్వుచేలో వచ్చే వెర్రి తెగులు వంటిదే. పచ్చదోమ మోసుకొస్తుంది, మందు లేదు. మొక్క పీకి కాల్చేయండి.

ఇక అసలు సంగతి. చక్కెర జబ్బు తగ్గుతుందని పొద్దున్నే యీ ఆకు నమిలే పెద్దలు మన ఇళ్ళలో వున్నారు. జమైకాలోనూ యిదే నమ్మకం. అది విని కెనడాలో నోబుల్, బీర్ అనే శాస్త్రజ్ఞులు 1950 దశకంలో యెలుకల మీద పరీక్షించారు. చక్కెర తగ్గిన జాడ లేదు. రక్తంలో తెల్లకణాలు మాత్రం పడిపోయాయి. ఆ దారిన పోయే 1958లో విన్‌బ్లాస్టిన్ అనే కాన్సరు మందు బయటపెట్టారు. తరువాత విన్‌క్రిస్టిన్ కూడా యీ మొక్కలోనే దొరికింది. పిల్లల రక్తపు కాన్సరుకు నేటికీ వాడతారు, అదీ తూచి, సూదిలో, డాక్టరు కళ్ళెదుట. అంత చేవగల ఆకును గుప్పెటతో కొలిచి తినడమేమిటి?

తాతగారికి మెత్తగా చెప్పి చూడండి. వినకపోతే, ఆకు నమిలే సంగతి ఆయన డాక్టరు చెవిన వేయండి. తుంచిన కొమ్మలు గడ్డిలో కలిపి పశువుకు వేయవద్దు, చిన్నపిల్లల నోటికి అందనీయవద్దు.

విత్తులు కావలసినవారు ఆదివారం సంఘం ఆఫీసుకు వస్తే చిటికెడు పొట్లం కట్టి ఇస్తాము.