బొందు బిగువు

పెళ్లికి పట్టు, పుట్టినరోజుకి జార్జెట్, పుస్తకావిష్కరణకి నేత చీర (ఇది మన రచయిత్రులం మనకి మనమే కుట్టించుకున్న యూనిఫాం!). అన్నీ అందంగానూ ఉండాలట, సౌకర్యంగానూ ఉండాలట. బరువైన పట్టు కుచ్చిళ్లు జారకుండా లంగా బొందు ఎంత బిగించాలో మాత్రం ఏ మహిళా పేజీ చెప్పదు. నడుముకి బిగించిన కట్టు ఏళ్ల తరబడి ఒరుసుకుని, మానని పుండై, చర్మ కాన్సర్‌గా మారిన ఇద్దరు పెద్దవయసు స్త్రీల గురించి వార్ధా, మధుబని వైద్యులు 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్‌లో రాశారు. అరుదే, ఒప్పుకుంటాను. కానీ ఆ నల్లటి చార మనలో ఎంతమంది నడుం మీద లేదు? మగవాళ్లు ఒకే ప్యాంటూ చొక్కాతో మూడు వేడుకలకీ వస్తారు, జేబుల్లో చేతులు పెట్టుకుని. నేనిక రిసెప్షన్లకి జేబులున్న వదులు కుర్తాలోనే వస్తాను. "ఏమిటమ్మా, పెళ్లికొచ్చినట్టే లేవు" అనేవాళ్లు అననీ, భోజనమైతే పెడతారు కదా!