‘వద్దు’ అనే మీట లేని ఫోను



ఫోను తెరపై అప్పుడప్పుడు ఒక ప్రశ్న ప్రత్యక్షమవుతూ ఉంటుంది. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉన్నది, ఇప్పుడే వేసుకొంటారా, రాత్రికి వేసుకొంటారా అని. చూపునకు అది ఎంతో మర్యాదగల ప్రశ్న. కాని దానికి ఉన్న సమాధానాలు రెండే, ఆ రెండూ అంగీకారాలే. ‘వద్దు’ అనే మీట అందులో కనబడదు. కొన్ని ఫోన్లలోనైతే నాలుగు మార్లు వాయిదా వేసిన పిమ్మట అడగడం కూడా మానివేసి, ఇంటిల్లిపాదీ నిద్రించిన వేళ అది తన పని తాను పూర్తి చేసికొంటుంది. తెల్లవారి చూస్తే అక్షరాల పరిమాణం మారి ఉంటుంది, తెలిసిన గుర్తులు తెలియని చోటికి చేరి ఉంటాయి, మనం కోరని యాప్ ఒకటి కొత్త చుట్టంలా వచ్చి కూర్చుని ఉంటుంది.

పరుల ఇంటి ముందు నిలిచినవాడు సలాము చేసి అనుమతి కోరాలనీ, మూడు పర్యాయాలు కోరినా అనుమతి లభించకపోతే నొచ్చుకోకుండా వెనుదిరగాలనీ మనకు చిన్ననాటి నుండి నేర్పుతారు. అనుమతి కోరడంలోని సారమంతా ఆ వెనుదిరగడంలోనే ఉన్నది. లోపలికి రావడం ముందే నిశ్చయించుకొని తలుపు తట్టడం అనుమతి కోరడం కాదు, రాకను ప్రకటించడం మాత్రమే.

ఇది నగరాలలో కొత్త కొత్త ఫోన్లు మార్చేవారి చిరాకు కదా, మనకేల అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో మేము చూసినంతవరకు సంగతి అందుకు విరుద్ధంగా ఉన్నది. కొత్త ఫోను గలవానికి అప్‌డేట్ ఒక చిన్న అంతరాయం, పాత ఫోను గలవానికి అది ఆపద. మన ఇళ్ళలో ఫోను ఎలా చేతులు మారుతుందో గమనించండి. పెద్ద కుమారుడు కొంటాడు. రెండు మూడేళ్ళకు అది తండ్రికి వస్తుంది. తెర మూల పగిలి, బ్యాటరీ ఉబ్బడం మొదలైన తరువాత తల్లికి చేరుతుంది. ఇంట్లో అందరికంటె పాత ఫోను ఎవరి చేతిలో ఉన్నదని అడిగితే తొంభై పాళ్ళు అమ్మ చేతిలోనే ఉంటుంది. కువైట్‌లో పని చేసే బిడ్డ ముఖం ఆమె చూసేది ఆ పగిలిన తెరపైనే. ఆండ్రాయిడ్ 5.0 కంటె పాత ఫోన్లలో వాట్సాప్ నేడు పని చేయదు. ఆ హద్దు కాలక్రమంలో పైకి జరుగుతూనే ఉన్నది. ఎక్కడో తీసికొన్న నిర్ణయం ఒక తల్లికి కొడుకు పిలుపును ఆపివేస్తుంది. ఆమె మాత్రం తానేదో తప్పు మీట నొక్కినట్లున్నానని తనను తానే నిందించుకొంటుంది.

నంద్యాలలో మేమెరిగిన ఒక కుటుంబంలో జరిగినది చెబుతాము. వృద్ధురాలైన గృహిణి మసీదు అజాను వినబడని వీధిలో ఉండడం వలన నమాజు వేళలకు ఫోనులోని ఒక యాప్‌ను ఆధారం చేసికొన్నారు. మనుమడు దానిని హనఫీ పద్ధతికి అమర్చి ఇచ్చాడు. పాఠకులకు తెలిసినదే, అస్ర్ వేళ హనఫీ పద్ధతిలో వస్తువు నీడ దానికి రెండింతలైనప్పుడు మొదలవుతుంది, తక్కిన మూడు మజ్‌హబ్‌లలో ఒక్కింతైనప్పుడే మొదలవుతుంది. మన ప్రాంతంలో ఈ తేడా సుమారు గంట ఉంటుంది. ఒక రాత్రి అప్‌డేట్ తరువాత ఆ యాప్ పాత అమరికను చెరిపివేసి, తయారుచేసినవారు పెట్టిన తొలి అమరికకు తిరిగిపోయింది. ఆమె ఎన్నో దినాలు తాను అనుసరించే పద్ధతిలో వేళ కాకమునుపే అస్ర్ నమాజు చేశారు. ఒక శుక్రవారం మనుమడు మసీదు వారు అచ్చు వేయించిన వేళల పట్టికతో పోల్చి చూసినప్పుడు గాని విషయం బయటపడలేదు. యాప్ చూపిన వేళ తప్పు కాదు, ఆ పద్ధతిని అనుసరించేవారికి అదే సరైన వేళ. కాని ఆ ఇల్లు ఎంచుకొన్నది వేరు. ఆ ఎంపికను తుడిచివేసే ముందు ఒక్క మాట అడిగినవారు లేరు, తుడిచివేసిన తరువాత తెలిపినవారూ లేరు.

ఇక ఆళ్ళగడ్డలో ఒక చిరు వ్యాపారి కథ. ఆయన బ్యాంకు యాప్ ఒక ఉదయం తెరుచుకోలేదు, కొత్త వెర్షన్ వేసికొమ్మన్నది. వేయబోతే, ఈ ఫోనుకు ఆ వెర్షన్ సరిపడదన్న మాట వచ్చింది. వేసికోక తప్పదు, వేసికొనే వీలు లేదు. సొమ్ము ఆయనది, ఫోను ఆయనది, రెండింటికి నడుమ తలుపు మాత్రం మూసుకొన్నది. సరుకు దించిన లారీ వాడు డబ్బు కోసం బయట నిలబడి ఉన్నాడు. ఆయన పక్క దుకాణంలో చేబదులు తీసికొని ఆ పూట గట్టెక్కారు. ఆ వారంలోనే, బాగా పని చేస్తున్న ఫోనును ప్రక్కన బెట్టి వాయిదాల మీద మరొకటి కొన్నారు. ఏళ్ళ తరబడి వడ్డీ జోలికి పోని మనిషి, వడ్డీ కలిసిన కాగితంపై సంతకం చేయవలసి వచ్చినందుకే ఆయన ఎక్కువగా బాధపడ్డారు, ఫోను ధరకు కాదు. అంతటితోనూ తీరదు. వాయిదా ఆలస్యమైతే దూరం నుండే ఫోనుకు తాళం వేసే యాప్‌లను అప్పిచ్చే సంస్థలు వాడడం మన దేశంలో జరుగుతూ వచ్చినదే.

అయితే అప్‌డేట్లన్నీ పీడలేనని తీర్మానించడం న్యాయం కాదు. 2017 మే 12న ‘వాన్నాక్రై’ అనే దుష్ట ప్రోగ్రామ్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి సొమ్ము డిమాండు చేసింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందు, మార్చి 14న, విడుదల చేసి ఉన్నది. వేసికొన్నవారు బయటపడ్డారు, వేసికొననివారు చిక్కుకొన్నారు. గొళ్ళెం ఊడిన తలుపుకు కొత్త గొళ్ళెం బిగించే వడ్రంగి వస్తే రావద్దనేవారు ఉండరు. పాత ఫోనులో డబ్బు లావాదేవీలు నడపడం ప్రమాదకరమని బ్యాంకులు చెప్పే మాటలోనూ నిజమున్నది.

వడ్రంగి చేతిలో కూడా పొరపాటు జరుగుతుందన్నది రెండవ సంగతి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వలన సుమారు 85 లక్షల కంప్యూటర్లు నిలిచిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా కట్టింది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కలము, కాగితము ఎవరి అనుమతీ లేకుండా పని చేశాయి.

మా అసలు ఫిర్యాదు మూడవ సంగతి గురించి. రక్షణ కోసం వచ్చే మార్పునూ, సంస్థ సౌకర్యం కోసం వచ్చే మార్పునూ ఒకే మూటలో కట్టి, మొత్తం తీసికో, లేదా ఏదీ తీసికోకు అనడం. తడిసిన ధాన్యాన్ని పొడి ధాన్యం క్రింద దాచి అమ్మజూపిన వర్తకుని రాశిలో చేయి పెట్టి, దైవప్రవక్త (స) ఆయనను మందలించిన ఉదంతం మనకు సుపరిచితం. నంద్యాల బియ్యం వ్యాపారులకు ఆ ఉదంతం మరింత బాగా అర్థమవుతుంది, బస్తా నడిమికి గొట్టం గుచ్చి లోపలి గింజ చూడనిదే వారు బేరం కుదుర్చరు. సాఫ్ట్‌వేర్ మూటకు అలా గొట్టం గుచ్చి చూసే వీలు మనకు లేదు. లోపలేమున్నదని అడిగితే ‘పనితీరు మెరుగుపరచబడినది’ అన్న ఒక్క వాక్యం ఎదురవుతుంది.

ఆ వాక్యం ఎంత నమ్మదగినదో తెలుపుటకు ఒక ఉదాహరణ చాలును. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించామని ఆపిల్ సంస్థ 2017 డిసెంబరులో ఒప్పుకొన్నది. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామన్నది ఆ సంస్థ వాదన. కారణం మంచిదే అయి ఉండవచ్చు. కాని కొన్నవారికి ఆ ముక్క చెప్పి ఉంటే, బ్యాటరీ మార్చుకొంటే సరిపోయేదానికి ఎందరో కొత్త ఫోనే కొని ఉండేవారు కాదు. 2018 అక్టోబరులో ఇటలీ ఆపిల్‌పై కోటి యూరోలు, అటువంటి ఆరోపణపైనే శామ్‌సంగ్‌పై 50 లక్షల యూరోలు జరిమానా విధించింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ఆపిల్‌కు మరో రెండున్నర కోట్ల యూరోలు వేసింది.

చట్టం గట్టిగా ఉన్నచోట సంస్థలు మెత్తబడడం మనం చూస్తూనే ఉన్నాము. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కేమో టీపీఎం 2.0 అనే రక్షణ చిప్, దానికి తగిన ప్రాసెసర్ ఉండాలి. మన పట్టణాలలోని ఇంటర్నెట్ సెంటర్లలో, చిన్న ప్రింటింగు దుకాణాలలో ఉన్న పాత యంత్రాలు ఎన్నో ఆ పరీక్షలో నెగ్గవు. వినియోగదారుల సంఘాలు పోరాడడంతో ఐరోపా ఇళ్ళలోని కంప్యూటర్లకు మరొక ఏడాది రక్షణ అప్‌డేట్లు రుసుము లేకుండా ఇచ్చేందుకు మైక్రోసాఫ్ట్ అంగీకరించింది. తక్కిన దేశాలవారికి మాత్రం 30 డాలర్లు చెల్లించడమో, కంప్యూటరు అమరికలను ఆ సంస్థ ఖాతాలో భద్రపరచడమో వంటి షరతులు పెట్టింది. యంత్రం ఒకటే, లోపం ఒకటే. సముద్రానికి ఈ ఒడ్డున ఉన్నందుకు షరతు వేరు. ఐరోపా సమాజం 2025 జూన్ 20 నుండి మరొక నియమాన్ని అమలులోకి తెచ్చింది. ఒక రకం ఫోన్ల అమ్మకం ఆపివేసిన తరువాత కూడా కనీసం అయిదేళ్ళు వాటికి అప్‌డేట్లు అందుబాటులో ఉండాలి.

మన దేశంలోనూ కదలిక లేకపోలేదు. 2022 అక్టోబరు 20న పోటీ సంఘం గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, ఫోనుతోపాటు వచ్చే గూగుల్ యాప్‌లను తొలగించుకొనే వీలు కొన్నవారికి ఉండాలని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేటు ట్రిబ్యునల్ జరిమానాను నిలిపింది గాని, తొలగింపునకు సంబంధించిన ఆదేశాన్ని కొట్టివేసింది. సొమ్ము ఖజానాకు దక్కింది, తొలగించే మీట మనకు దక్కలేదు.

ప్రభుత్వమే ఈ దారిలో అడుగు వేసిన సందర్భం మరింత ఆలోచింపజేస్తుంది. పోయిన ఫోనును నిలిపివేయడానికీ, మన పేరుతో ఎన్ని సిమ్‌లున్నాయో తెలుసుకోవడానికీ ఉపకరించే ‘సంచార్ సాథీ’ మంచి సాధనమే, మా పాఠకులలో కొందరు దానివలన మేలు పొందారు కూడా. అయితే 2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖ ప్రతి కొత్త ఫోనులోనూ దానిని ముందే అమర్చాలనీ, అప్పటికే తయారై దుకాణాలకు చేరిన ఫోన్లలోకి అప్‌డేట్ ద్వారా పంపాలనీ తయారీదారులను ఆదేశించింది. దేశమంతటా అభ్యంతరాలు వెల్లువెత్తగా డిసెంబరు 3న ఆ ఆదేశాన్ని ఉపసంహరించుకొన్నది. వారం తిరగకముందే! యాప్ నేటికీ ఉన్నది, కోరినవారు వేసికొంటున్నారు. మేలు చేసే వస్తువును కూడా అడిగి ఇచ్చినప్పుడే అది మేలుగా ఉంటుందని ఆ అయిదు రోజులు చూపాయి.

చట్టాలు వచ్చేవరకు ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నాయి. రక్షణకు సంబంధించిన అప్‌డేట్లను నిర్లక్ష్యం చేయకండి. అవి రాత్రి వేళ తమంత తాము జరిగేలా వదలక, పగటిపూట, ఇంట్లో తెలిసిన పిల్లవాడు దగ్గర ఉన్నప్పుడు చేయించండి. రమజానులో సహరీకి అలారం పెట్టుకొన్న ఫోనుకు రాత్రి అప్‌డేట్ అసలే వద్దు. దానికి ముందు ఫోటోలు, బిడ్డల ధ్రువపత్రాలు మరొక చోట భద్రపరచండి. ప్రతి అప్‌డేట్ తరువాత నమాజు యాప్‌లో మజ్‌హబ్, ఊరి పేరు సరిగా ఉన్నాయేమో చూసి, మసీదు పట్టికతో ఒకసారి సరిపోల్చండి. ఆ పట్టిక గోడ మీద నుండి తీసివేయకండి. అమ్మ ఫోను మొరాయిస్తే ఆమెకు తెలియదని విసుక్కోకుండా, ఆమె చేయని తప్పును ఆమెపై మోపకుండా, మారినది ఫోనేనని చెప్పండి. అన్యాయం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒక్క ఫిర్యాదుతో కొండ కదలదు గాని, నమోదైన ఫిర్యాదులే రేపు చట్టానికి సాక్ష్యాలు.

కొత్త ఫోను కొనేటప్పుడు కెమెరా, రంగు, ధర అడిగినట్లే మరొక ప్రశ్న కూడా అడగండి: దీనికి ఎన్నేళ్ళు రక్షణ అప్‌డేట్లు వస్తాయి? ఇటీవల నంద్యాలలో ఒక దుకాణంలో మేము ఈ ప్రశ్న వేశాము. యజమాని పెట్టెను అందుకొని నాలుగు ప్రక్కలా త్రిప్పి చూశారు. లోపలి కాగితం విప్పి చూశారు. తన ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఈ మాట అడిగినవారు లేరని చెప్పి, కంపెనీ వారిని కనుక్కొని చెబుతానని మా నంబరు వ్రాసికొన్నారు.