పీతలు పట్టే చెయ్యి – పెన్ను పట్టే చెయ్యి

మన హాస్టళ్లలో ఒక అలవాటుంది. ఎవరిదైనా ఇల్లు కాలవ గట్టున అని తెలిస్తే చాలు, వాడికి 'ఎండ్రకాయ' అని పేరు పడిపోతుంది. పెట్టేవాడూ మనవాడే, పడేవాడూ మనవాడే. వార్డెన్ సారు పిలిచే పేరు వేరు, రూములో పిలిచే పేరు వేరు. ఇదంతా సరదాకే అంటారు. పీత కూర తినే ఇల్లు తక్కువ ఇల్లు అనే మాట ఆ సరదా లోపల దాగి ఉందని మా అభిప్రాయం.

మాది చిల్లకల్లు. మెట్ట ప్రాంతం. మాకు తెలిసిన పీత అంటే వరిమడి గట్టుకు బొరియ చేసుకుని ఉండే ఎండ్రకాయే. వానలు పడి మునేరు, పాలేరు కదిలాయంటే పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు దొరుకుతాయి. కూలి లేని రోజుల్లో మా ఇళ్లలో కూర అదే. జలుబు చేస్తే ఎండ్రకాయ చారే మందు.

ఆ రెండేళ్ల నీళ్లూ కృష్ణలో కలిసి, ప్రకాశం బ్యారేజీ దాటి, దివిసీమ దగ్గర సముద్రాన్ని చేరతాయి. 2022లో జిల్లాలు విడిపోయాక మనం ఎన్టీఆర్ జిల్లా వాళ్లమయ్యాం, నాగాయలంక, హంసలదీవి కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాయి. అక్కడి మొగల్లో, మడ అడవుల పాయల్లో మనలాంటి ఇళ్లవాళ్లే, ముఖ్యంగా యానాదులు, పీతల మీద బతుకుతున్నారు.

ఆ పని ఎలా ఉంటుందో మెట్టవాళ్లకు చెప్పాలి. ఇనప చట్రానికి వల బిగించి, మధ్యలో చేప తలకాయ కట్టి, చిన్న పడవలోంచి పాయ పొడుగునా దింపుకుంటూ పోతారు. ఒక్కో వలకీ తాడు, తాడు చివర బెండు. కాసేపాగి మొదటి బెండు దగ్గరికొచ్చి ఒక్క ఊపున పైకి లాగాలి. నెమ్మదిగా లాగితే పీత జారిపోతుంది. పాటుకి నీళ్లు తీసినప్పుడు బురదలోకి దిగి, మడచెట్ల వేళ్ల కింద బొరియలో ఇనప కొక్కెం పెట్టి లాగేవాళ్లూ ఉన్నారు. డెక్క చిక్కితే వేలు నుజ్జే. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. ఏ పూట ఏ పాయలోకి పడవ పోతుందో క్యాలెండరు చూడకుండా చెప్తారు.

మేము పీజీలో జువాలజీ చదువుతున్నాం. మొగల్లో దొరికే మండపీతను పుస్తకం 'స్కిల్లా' అంటుంది. పొట్టకింద మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఈ ముక్కకి పరీక్షలో మార్కులున్నాయి. పీతను వెనక్కి తిప్పి ఒక్క చూపులో చెప్పే అవ్వకి మాత్రం ఏ మార్కులూ లేవు. ఇంకో సంగతి. మండపీత తల్లి గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోతుంది, పిల్లలు నాలుగైదు రూపాలు మారి తిరిగి మడ అడవికొస్తాయి. మన గట్టు ఎండ్రకాయకి సముద్రంతో పనే లేదు. దాని పిల్లలు గుడ్డులోంచే పీత రూపంలో వచ్చి తల్లి పొట్ట కింద దాక్కుంటాయి. ఈ రెండోది మా అమ్మలకు ముందే తెలుసు, పులుసుకి శుభ్రం చేసేటప్పుడు చూసేవాళ్లు కదా!

అసలు బాధ డబ్బు దగ్గరుంది. పడవకీ వలకీ అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారికే పట్టిన సరుకు పోయాలి. తూకం ఆయనదే, ధర ఆయనదే. కుబుసం విడిచి మెత్తగా ఉన్నదీ, డెక్క విరిగినదీ పక్కకి పోతాయి. మంచివి డెక్కలకు తాడు చుట్టి, ప్రాణంతోనే విదేశాల దాకా పంపుతారు. ఇక చెరువుల్లో పీతలు పెంచేవాళ్లకి పిల్లలు కావాలి. హేచరీ పిల్ల చాలనప్పుడు మడ అడవి పిల్లల్నే పట్టించి కొంటారు. రేపు పీత తగ్గిందంటే నింద పడవ మీదున్నవాడిదే అవుతుంది. కొన్నవాణ్ణి ఎవరడుగుతారు? పిల్ల పీతల్ని పట్టకూడదన్న మాటకు మేమూ ఒప్పుకుంటాం. పట్టొద్దని చెప్పేవాళ్లు ముందు ఆ అడ్వాన్సు బాకీ సంగతి తేల్చాలి, సరసమైన వడ్డీకి పడవ అప్పు ఇప్పించాలి. కృష్ణా అభయారణ్యం 1989లో వచ్చింది. అడవిని కాపాడాల్సిందే. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమకి మడ అడవి విలువ ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ అడవి గురించి కమిటీ వేసినప్పుడు బొరియ తెలిసినవాడికి ఒక కుర్చీ ఉండాలంటున్నాం.

యానాదుల మీద వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లోనే ఇంగ్లీషులో పుస్తకం రాశారు. గొప్ప పని. పడవ మీద పెరిగిన పిల్లలు తమ పని గురించి రాసిన పుస్తకం మాత్రం మా లైబ్రరీలో మాకు దొరకలేదు.

టెన్త్ చదివే తమ్ముళ్లకి ఒక మాట. నాగాయలంక దగ్గర భావదేవరపల్లిలో ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉంది. మన ఇళ్లలో సగం తెలిసిన చదువే అక్కడ డిప్లొమాగా చెప్తారు. ఇంజనీరింగు ఒక్కటే చదువని అనుకోవద్దు, వివరాలు కనుక్కోండి.

వచ్చే సంచికకి మాదొక కోరిక. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ వాగులో, కాలవలో, మొగలో దొరికే చేపల పేర్లు, పీతల పేర్లు, వలల పేర్లు అమ్మానాన్నల్నీ తాతల్నీ అడిగి రాసుకురండి. చెప్పినవాళ్ల పేరు కూడా కింద రాయండి. రెండు పేజీలు అట్టిపెట్టమని సంపాదకవర్గం అన్నల్ని ఇప్పటికే అడిగాం.