కోలుకుంటున్నవాడిని ఏమని పిలుద్దాం?



పోయిన ఏడాది మన సంఘంలో ఒక సహోదరుడికి టీబీ వచ్చింది. ఇరవై రోజులు మాత్రలు వేసుకునేసరికి జ్వరం జారింది, దగ్గు తగ్గింది, అన్నం సహించింది. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పాడు. నేను మైకు తీసుకుని, "మన సహోదరుడు సంపూర్ణ స్వస్థత పొందాడు, చప్పట్లతో దేవుణ్ణి మహిమపరచండి" అన్నాను. మరునాటి నుంచి అతడు మాత్రలు మానేశాడు. "అయ్యగారే చెప్పాక ఇంకా మందులెందుకు?" అన్నాడట భార్యతో. మూడు నెలలు తిరక్కుండా దగ్గులో నెత్తురు పడింది.

మామూలు టీబీకి మందు ఆరు నెలలు వాడాలి. మొదటి వారాల్లోనే ఒళ్ళు తేలికపడుతుంది గానీ క్రిములు ఇంకా లోపల ఉంటాయి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ మందులకు లొంగకుండా మొండికేయవచ్చు కూడా. నేను అబద్ధమాడాలని ఆడలేదు. ఒక పెద్ద మాటను దాని వేళ రాకముందే వాడేశాను.

'స్వస్థుడు' అంటే తనలో తాను నిలిచినవాడు. 'కోలుకుంటున్నవాడు' అంటే ఇంకా గోడ పట్టుకుని నడుస్తున్నవాడు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం మన పెద్దలకు బాగా తెలుసు. అందుకే పత్యం పెట్టారు. జ్వరం తగ్గిన మనిషికి ముందు జావ, తర్వాత చారన్నం, ఆ తర్వాతే కూర. ఒళ్ళు చల్లబడిందని మరునాడే నాగలి చేతికివ్వలేదు. మనం మాత్రం సంఘంలో రెండే మాటలు ఉంచుకున్నాం: రోగి, స్వస్థత పొందినవాడు. మధ్యలో ఉన్నవాడికి పేరు లేదు. పేరు లేనివాడికి పత్యం ఎవరు పెడతారు?

"కోలుకుంటున్నాడు అంటే విశ్వాసం తగ్గినట్టు కాదా అయ్యగారూ?" అని కొందరు అడుగుతారు. బేత్సయిదా గ్రుడ్డివాణ్ణి చూడండి. ప్రభువు మొదట చేతులుంచినప్పుడు అతనికి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ప్రభువు అతణ్ణి గద్దించలేదు, మళ్ళీ చేతులుంచాడు. హిజ్కియాకు దేవుడు 15 ఏళ్ళ ఆయుష్షు పొడిగించాడు, అయినా పుండు మీద అంజూరపు ముద్ద కట్టించారు. యాయీరు కుమార్తెను లేపిన ప్రభువే, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. అద్భుతం జరిగిన ఇంట్లోనూ పొయ్యి వెలిగించాల్సిందే.

కాబట్టి నా మనవి ఇది. సాక్ష్యంలో "దేవుని కృపతో కోలుకుంటున్నాను" అని చెప్పడం నేర్చుకుందాం. ఆ మాట విన్న సంఘానికి ఒక పని పడుతుంది. ఒకరు నాలుగు కోడిగుడ్లు పంపాలి, ఒకరు ఆసుపత్రికి తోడు వెళ్ళాలి, ఒకరు మాత్ర వేసుకున్నావా అని అడగాలి. "స్వస్థత పొందాడు" అని విన్నవాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

ఆ సహోదరుడు మళ్ళీ మొదటి నుంచి మందులు వాడుతున్నాడు. అతని ముందు, సంఘం ముందు నేను క్షమాపణ అడిగాను. మందులు పూర్తయి, గళ్ళ పరీక్షలో ఏమీ లేదని డాక్టరుగారు చెప్పిన ఆదివారం ఆ పెద్ద మాట అతని నోటితోనే చెప్పిస్తాను. అప్పటివరకు అతని కోసం, నా నోటి కోసం కూడా ప్రార్థన చేయండి. ఆమేన్.