పేరు తరవాత చెబుతాం

మా కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి మొన్న ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్నవాడే.

"మాస్టారూ, వార్షికోత్సవంలో ఒక పెద్దమనిషికి సన్మానం చేద్దామనుకుంటున్నాం. సన్మానపత్రం మీరే రాసిపెట్టాలి" అన్నాడు.

"ఎవరికోయ్?"

"అది ఇంకా తేలలేదండీ. పేరు తరవాత చెబుతాం. ఈలోగా విశేషణాలు రాసి ఉంచండి."

తెలుగు ఎం.ఏ. చదివినందుకు ఇలాంటివి తప్పవు. సరేనని కాగితం ముందేసుకుని "విద్యావినయసంపన్నా!" అని మొదలుపెట్టాను. ఆ మహానుభావుడికి విద్య ఉందో లేదో, వినయం ఉందో లేదో! కలం సాగలేదు. సన్మానమనే తంతును మరో విధంగా నడుపుతున్న ఇంకో పూర్వ విద్యార్థుల సంఘం గుర్తుకొచ్చింది. అది అమెరికాలో ఉంది. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం వారిది.

న్యూయార్కు రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున, 1802లో పెట్టిన విద్యాలయమది. సంఘం పుట్టింది 1869లో. అంటే అంతర్యుద్ధం ముగిసిన నాలుగేళ్ళకు. ఒకే పంక్తిలో భోంచేసినవాళ్ళు రెండు పక్షాలుగా చీలి ఒకరినొకరు చంపుకున్న యుద్ధం అది. 1861లో సమ్టర్ కోటను కాపాడుతున్నవాడు మేజర్ ఆండర్సన్. దానిమీద గుళ్ళు కురిపించినవాడు బ్యూరెగార్డ్. ఆ శిష్యుడికి వెస్ట్ పాయింటులో ఫిరంగి విద్య నేర్పిన గురువు ఈ ఆండర్సనే! ద్రోణార్జునుల కథ చదువుకున్న మనకు ఇది వింతగా తోచదు. ఆ ఆండర్సన్ తన చివరి రోజుల్లో సిల్వేనస్ థేయర్ అనే వృద్ధుణ్ణి కలిసి విద్యాలయం భవిష్యత్తు గురించి మాట్లాడాడు. ఆ మాటల ఫలితమే సంఘం.

ఈ థేయర్ 1817 నుంచి 1833 దాకా విద్యాలయానికి అధిపతి. చదువునూ క్రమశిక్షణనూ ఒక దారిలో పెట్టినవాడు. అయితే ఆయన తప్పుచేసిన కుర్రవాళ్ళను పంపించివేయడం, ప్రెసిడెంటు జాక్సన్ వాళ్ళను మళ్ళీ చేర్పించడం పరిపాటి అయింది. పట్టుదల గల మనిషి, రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయాడు. బతికుండగా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. 1872లో పోయిన ఆయన అవశేషాలను 1877లో తెచ్చి అక్కడ సమాధి చేశారు.

ఆయన పేరుతోనే 1958లో సంఘం ఒక పురస్కారం పెట్టింది. అందులో నాకు నచ్చిన సంగతి చెబుతాను. అది తమ విద్యార్థులకు ఇచ్చేది కాదు! ఆ విద్యాలయంలో చదవకపోయినా, కర్తవ్యం, గౌరవం, దేశం అనే మూడు మాటలకు తగ్గట్టు బతికిన పౌరుడికి ఇవ్వాలని నియమం. మొట్టమొదట అందుకున్నవాడు లారెన్స్ అనే భౌతిక శాస్త్రవేత్త. 1968లో బాబ్ హోప్ అనే హాస్యనటుడికిచ్చారు. యుద్ధరంగాలకు వెళ్ళి సైనికులను నవ్వించాడు కదా! 1971లో చంద్రుడిమీద నడిచివచ్చిన ఆర్మ్‌స్ట్రాంగుకు. తమ పట్టభద్రుల కోసం వేరే పురస్కారం పెట్టుకున్నది 1992లో. ముప్ఫైనాలుగేళ్ళు పరాయివాళ్ళకు దండలు వేసి, తరవాత ఇంటివాళ్ళ సంగతి చూసుకున్నారన్నమాట.

నియమం ఒక్కోసారి సడలింది. 1961లో ఐసెన్‌హోవర్‌కూ, 1962లో మెకార్థర్‌కూ ఇచ్చారు. ఇద్దరూ అక్కడ చదివినవారే. ఎనభై రెండేళ్ళ మెకార్థర్ కుర్రవాళ్ళ కవాతు చూసి, వాళ్ళ భోజనశాలలో ఉపన్యసించాడు. పొద్దున హోటలు ద్వారపాలకుడు "ఎక్కడికి ప్రయాణం?" అన్నాడట. వెస్ట్ పాయింటుకన్నాడు ఈయన. "మంచి చోటు. ఇదివరకెప్పుడైనా చూశారా?" అన్నాడట అతను. అక్కడే చదివి, అక్కడే అధిపతిగా చేసిన సేనాని ఆ ముచ్చటతోనే మొదలుపెట్టాడు. ఇక విశేషణాలెందుకు?

2006లో నినింజర్ పేర మరొకటి వచ్చింది. 1941లో పట్టా పుచ్చుకుని, 1942 జనవరిలో ఫిలిప్పీన్సులో నేలకొరిగిన కుర్రవాడాయన. యుద్ధంలో ధైర్యం చూపిన పట్టభద్రుడికి దాన్నిస్తారు. అందుకునేవాడు తన ఒక్కడి కోసం కాక, అలా పోరాడిన తోటివాళ్ళందరి తరఫున అందుకుంటాడు. మన సన్మాన సభల్లో "ఇది నాకు కాదు, మీకే" అనడం వింటూనే ఉంటాం. అక్కడ ఆ మాటను నిబంధనే చేశారు.

అక్కడా అంతా సవ్యంగా లేదు. 2025 జూన్‌లో థేయర్ పురస్కారం నటుడు టామ్ హాంక్సుకని ప్రకటించారు. సైనికుల పాత్రలు వేసినవాడు, రెండవ ప్రపంచ యుద్ధ స్మారకం కోసం ప్రచారం చేసినవాడు. సెప్టెంబరులో సభా కవాతూ రద్దు చేశారు. విద్యాలయం తన అసలు పనిమీద దృష్టి నిలపడానికని కారణం చెప్పారు. ప్రెసిడెంటు బాహాటంగా హర్షించాడు. జాక్సన్‌తో పడక వెళ్ళిపోయిన పెద్దమనిషి పేరున్న పురస్కారమిది. ఆయనే ఉంటే ఏమనేవాడో! నన్నడిగితే, పిలవకపోవడం వేరు, పిలిచి పీట తీసేయడం వేరు. అర్హత లేదనుకుంటే జూన్‌కు ముందే అనుకోవలసింది.

ఇంతలో కార్యదర్శి ఫోను. "మాస్టారూ, పత్రం అయిందా?"

"ఒక్క ముక్క రాశాను. ఆయన ఏం చేశాడో చెబితే మిగతాది రాస్తాను."

అటువైపు కాసేపు నిశ్శబ్దం. "కమిటీలో అడిగి చెబుతానండీ" అన్నాడు.

ఇవాళ్టికి నాలుగు రోజులైంది. "విద్యావినయసంపన్నా!" దగ్గరే ఆగి ఉన్నాను.