ఱొమ్ముగాయములపాలైనవారి రక్షణకై అంతర్వేది తీరవాసుల ప్రణాళిక

వసిష్ఠ గోదావరి సముద్రమున సంగమించు ఈ కొనయందు నివసించు మేము, దింపు తీయ కొబ్బరిచెట్టెక్కి జారిపడినవారిని, పడవ అంచునకు ఎద తగిలి నలిగినవారిని, రాత్రివేళ మోటారుసైకిళ్లు ఢీకొని కూలినవారిని ఎఱిగినవారము గనుక, ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము.

ప్రక్కటెముక విరిగి ఊపిరితిత్తిని గ్రుచ్చినప్పుడు, ఒక్కొక్కయెడ గాలి ఎదలో పేరుకొని వెలికి రాలేక, గుండెకు రక్తము తిరిగి చేరనీయక ఒత్తును. మెడనరములు ఉబ్బును, పెదవులు నీలమగును. గోల్డెన్ అవర్ అని వైద్యులు పేర్కొను తొలి గంట ఇట్టివానికి మిక్కిలి దీర్ఘము. నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. ఐనను శిక్షణ గలవారు సూదితో ఆ గాలిని విడిచి, పిమ్మట ప్రక్కటెముకల నడుమ గొట్టము వేసినచో, పెక్కుమందికి ఎద కోయు శస్త్రచికిత్స అక్కరయే ఉండదు. ఇంతటి చిన్న చికిత్స అందక మావాడు దారిలో మరణించుట మాకు సహింపరానిది.

కావున ఆసుపత్రి దూరమును, గొట్టము వేయగల వైద్యుని చేతికి చేరు నిమిషములతో కొలువవలయునని మా సిద్ధాంతము. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 అంబులెన్సు సేవయందు మాకు గౌరవము మెండు. కాని రాజోలు ఆసుపత్రినుండి అమలాపురమునకు, అచటినుండి కాకినాడ పెద్దాసుపత్రికి చీటీ వ్రాసి పంపుచుండగా గడచు కాలము, బండి ఎంత వేగముగ పరుగిడినను తిరిగి రాదు. రాజోలునందే రేయింబవళ్లు గొట్టము వేయు వైద్యుడును, నిలువ రక్తమును ఉండవలయును. బండిలోనివారు ముందుగా ఫోను చేసి గాయమును తెలుపవలయును. పోలీసు లాంఛనములకై చికిత్స ఆపరాదని పరమానంద్ కటారా వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1989లోనే శాసించినది. దానిని ప్రతి ఆసుపత్రియు పాటింపవలయును.

మేము చేయవలసినదియు కలదు. సఖినేటిపల్లి రేవునకు అంబులెన్సు వచ్చినచో తక్కిన బండ్లను తొలగింతుము, ఏరు దాటించు పంటును నిండువఱకు ఆగనీయము. రేవు నడవని వేళ చించినాడ వారధి త్రోవ పట్టింతుము. భీష్మ ఏకాదశి రథోత్సవమునాడు జనసముద్రము నడుమ ఒక బాటను ఖాళీగా కాపాడుదుము. గాయపడినవాని ఒంట దిగబడిన ఇనుపకమ్మిని పెరకము, నీళ్లు త్రాగింపము, వెన్ను కదలకుండ బల్లపై పరుండబెట్టుదుము. క్షతగాత్రుని చేర్చినవానిని వేధింపరాదను 2019 మోటారు వాహనముల చట్టసవరణను ప్రతి పేటయందును చదివి వినిపింతుము. దింపు కార్మికులకును, బెస్తలకును ఈ ప్రథమచికిత్సను వారి తోటలలోనే, రేవులలోనే నేర్పింతుము.