రక్త చరిత్ర ఎవరిది? రక్తక్షేత్రం ఎవరిది?

ఇద్దరు పెద్దమనుషులు ముఠాలు కట్టి కొట్టుకుంటే అది చరిత్ర అంట. దానికి సినిమా, కటౌట్, పాలాభిషేకం. ఎనిమిదిమంది దళితుల్ని పొలాల్లో తరిమి తరిమి నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో పారేస్తే అది చరిత్ర కాదంట, కేసంట. ఆ కేసు కూడా హైకోర్టులో కొట్టేశారు. ఇదెక్కడి లెక్క అని మేం అడుగుతున్నాం.

రామ్‌గోపాల్ వర్మ 2010లో 'రక్త చరిత్ర' తీశాడు. అక్టోబర్‌లో ఒక భాగం, డిసెంబర్‌లో రెండో భాగం. అనంతపురం జిల్లా పరిటాల రవి, మద్దెలచెర్వు సూరిల పగ దాని కథ. 2016 డిసెంబర్‌లో 'వంగవీటి' తీశాడు. అది బెజవాడ వంగవీటి, దేవినేని వర్గాల కొట్లాట. సినిమాలు పాతబడ్డయ్ గానీ వాటి మత్తు దిగలేదు. మా తిరుమలాయపాలెం మండలం వాడల్లో పొద్దంతా మిరప కోతకు పోయొచ్చిన పిల్లగాళ్లు రాత్రిపూట సెల్‌ఫోన్లలో ఆ నరుకుళ్ల ముక్కలే చూస్తున్నరు. "నేనే రవి, నేనే రంగా" అనుకుంటున్నరు.

తమ్ముడూ, నువ్వు రవివి కాదు, రంగావీ కాదు. ఆ కథలో నీ వేషం వేరే ఉంది. జీపు వెనక వేలాడుతూ పోయి మొదటి బాంబుకు చచ్చేటోడివి నువ్వు. నీకు అందులో పేరు లేదు, మాట లేదు. నీ పెండ్లాం ఏమైందో, నీ పిల్లలు ఏం తిన్నరో చూపించే రీలు లేదు.

అసలు ఆ పగ ఎక్కడ మొదలైంది? భూమి దగ్గర. రవి తండ్రి పరిటాల శ్రీరాములు ఎర్రజెండా పట్టి భూస్వాముల భూములు పేదలకు పంచాలని కొట్లాడినోడు. అందుకే 1975లో ఆయన్ని చంపారు. భూమి లేని కూలోడికి నాలుగెకరాలు దక్కుతాయా లేదా అన్నదే అప్పటి ప్రశ్న. సినిమా ఏం చేసింది? భూమిని పక్కకు నెట్టి పగను ముందుకు తెచ్చింది. తండ్రిని చంపితే కొడుకు చంపాలె, వాడి కొడుకు మళ్లీ చంపాలె అన్న కాడికి కుదించింది. కూలోడి భూమి ప్రశ్న కాస్తా పెద్దోళ్ల ఇంటి పరువు ప్రశ్న అయ్యింది. ఇదే మోసం. కత్తి చూపించి మన భూమి మాయం చేశారు.

బెజవాడ సంగతీ అంతే. అక్కడి ముఠాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. రిక్షా తొక్కేటోళ్లు, లారీలు నడిపేటోళ్లు, మూటలు మోసేటోళ్లు కట్టుకున్న కార్మిక సంఘాల మీద పెత్తనం ఎవరిదన్న కొట్లాట నుంచి వచ్చినయ్. 1974లో వంగవీటి రాధా హత్య, 1988 డిసెంబర్ 26న నిరాహారదీక్షలో ఉన్న రంగా హత్య, ఆ వెనక ఊళ్లు తగలబడటం, కర్ఫ్యూ. పని దొరికితేనే పొయ్యి వెలిగేటోడు కర్ఫ్యూ రోజుల్లో ఏం తిన్నడు? ఆ లెక్క ఏ డైరెక్టరూ తీయలేదు.

అనంతపురంలో ఒక వర్గం కమ్మ, ఒక వర్గం రెడ్డి. బెజవాడలో ఒకటి కాపు, ఒకటి కమ్మ. మరి మాల మాదిగలది ఏ వర్గం? రెండు వర్గాల్లోనూ కర్ర పట్టే వర్గం, జైలుకు పోయే వర్గం.

1997 నవంబర్ 19 గుర్తు చేసుకోండి. శ్రీరాములు జీవితం మీదనే 'శ్రీరాములయ్య' సినిమా మొదలుపెడుతుంటే, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో రామానాయుడు స్టూడియో దగ్గర రవి కోసం పెట్టిన కారుబాంబు పేలింది. రవి బతికాడు. 26 మంది చచ్చారు. వాళ్లలో కెమెరా మోసే టీవీ సిబ్బంది ఉన్నారు. వాళ్లకు ఎవరితోనూ పగ లేదు. సినిమావాళ్లు ఆ బాంబును వాడుకున్నారు గానీ ఆ 26 మంది కథ ఎవరు తీశారు? 2005 జనవరి 24న రవిని అనంతపురంలో చంపారు. 'రక్త చరిత్ర' రెండో భాగం వచ్చిన నెలకే, 2011 జనవరిలో, సూరిని పక్కన తిరిగిన మనిషే కాల్చేశాడు. నాయకుల ఇళ్లలో వారసులున్నారు. రవి భార్య ఎమ్మెల్యే అయ్యింది, మంత్రి అయ్యింది. జీపు వెనక చచ్చినోడి భార్య ఏమయ్యింది? కూలికి పోయింది.

ఇక రెండో రక్తం సంగతి. అప్పటి గుంటూరు జిల్లా చుండూరు. అది కూడా సినిమాతోనే మొదలైంది, సోదరులారా! 1991 జూలైలో సినిమాహాల్లో ఒక చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న రెడ్డి యువకుడికి తగిలింది. అంతే. దళితులకు పని బంద్ చేశారు, వెలివేశారు. ఆగస్టు 6న, పోలీసులు ఊళ్లో ఉండగానే, ఎనిమిదిమందిని నరికారు. ఊరికే కేసు నడిపించాలని పట్టుబట్టిన మనవాళ్లు ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు తెప్పించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిదిమందిని ఎవరూ చంపలేదన్నట్టే! అంతకుముందు 1985 జూలై 17న కారంచేడులో చెరువు నీళ్లు పాడుచేయొద్దన్నందుకు ఆరుగురు మాదిగల్ని చంపారు. చుండూరులో మన శవాల్ని పూడ్చిన జాగాకు మనవాళ్లు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 'రక్త చరిత్ర' పేరు పెట్టినోడికి రక్తక్షేత్రం కనపడలేదా?

"సినిమా సినిమానే, గింత లొల్లి ఎందుకు?" అంటారు కొందరు. సినిమాహాల్లో కాలు తగిలితే ప్రాణాలు తీసిన దేశంలో సినిమా సినిమానే ఎట్లయితది? "మీ కథలకు జనం రారు" అంటారు ఇంకొందరు. 2020లో కరుణ కుమార్ 'పలాస 1978' తీశాడు. గజ్జె కట్టి ఆడే కళాకారుల ఇంటి పిల్లల్ని జీడిపప్పు వ్యాపారులు తమ కొట్లాటకు ఎట్ల వాడుకున్నరో చూపించాడు. కర్ర పట్టినోడి వైపు నుంచి కూడా ముఠా కథ చెప్పవచ్చు. చెప్పాలన్న బుద్ధే కావాలె.

ఎన్నికలప్పుడు, భూమి తగాదాలప్పుడు మన పిల్లల్ని బండ్ల మీద ఎక్కించుకుని తిప్పే పెద్దోళ్లు మన మండలంలోనూ ఉన్నారు. ఒక క్వార్టర్, ఒక బిర్యానీ, మీద "నువ్వు మా మనిషివిరా" అన్న ఒక మాట. సినిమా వేసిన మత్తు మీద వాళ్లు వ్యాపారం చేస్తున్నరు.

అందుకే చెప్తున్నాం. అన్నలారా, అక్కలారా! వాడలో ముఠా నాయకుల ఫ్లెక్సీ కట్టనీయొద్దు. ఆగస్టు 6న, జూలై 17న వాడ వాడకూ పిల్లల్ని కూర్చోబెట్టండి. చుండూరు, కారంచేడు మృతుల పేర్లు చదవండి. మన ఊళ్లో ఎవరి జీపు వెనక ఎవరు చచ్చారో, ఎవరు జైలుకు పోయారో ముసలోళ్లను అడిగి రాసిపెట్టండి. ఏ సర్వే నంబరు భూమి కాడ ఏ కొట్లాట మొదలైందో అది కూడా రాయండి. అది మన రక్త చరిత్ర. అది మనమే చెప్పుకోవాలె.

పగ వాళ్లది. భూమి మనది కావాలె.

జై భీమ్!